నలుపు మీద నలుపు

బేడీలు వేసిన మనిషిని స్టేషన్ నుంచి ఒక ఇంటి మేడగదికి, అదీ ఫోటో ప్రింటు చేయించడానికి తీసుకురావడం ఇన్‌స్పెక్టర్ తన సర్వీసులో ఎన్నడూ ఎరగడు. జీపు దిగిన దగ్గర్నుంచీ ఆ మాటే నిదానంగారికి వినిపిస్తున్నాడు. సాయంత్రం దాకా గడువిస్తున్నాననీ, ఈలోగా ఏమీ తేలకపోతే డిటెక్టివ్‌గా ఆయన ఈ కేసు వైపు మళ్ళీ తొంగి కూడా చూడకూడదనీ షరతు పెట్టాడు.

నిదానంగారి అసలు పేరు ఆయన భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ఆయనా పోలీసు శాఖలోనే ఉండేవాడు. ఏ ప్రశ్ననీ తొందరపడి అడగడని తోటివాళ్ళు వెటకారంగా పెట్టిన పేరది. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాక బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. అప్పట్లో ఆయన కింద పనిచేసిన ఎస్సైయే ఈ ఇన్‌స్పెక్టర్. గురువుని మించాలన్న పట్టుదల అతనికి మొదటినుంచీ ఉంది.

గది మాస్టారిది. నలుపు తెలుపు ఫోటోలు తప్ప ఇంకేవీ తీయని మనిషిగా ఆయనకు దేశదేశాల్లో పేరుంది. నెల కిందట ఒక తెల్లవారుజామున రిజర్వాయర్లో పొగమంచుని ఫోటో తీయడానికి ఒంటరిగా పడవలో వెళ్ళాడు. పడవ తిరగబడి దొరికింది. మాస్టారు దొరకలేదు. గజ ఈతగాళ్ళు వెతికి వెతికి చేతులెత్తేశారు. అంతకుముందు రోజు ఆయన శిష్యుడు ఆయనతో గట్టిగా గొడవపడ్డాడు. ఆ తెల్లవారుజామున శిష్యుడి స్కూటర్ గట్టు మీద ఉండడం పాలవాడొకడు చూశాడు. మర్నాడే శిష్యుణ్ణి అరెస్టు చేశారు.

కేసు అక్కడితో ముగిసేదే. కానీ పోయిన సోమవారం స్టేషన్‌కి ఒక అట్ట కవరు వచ్చింది. పంపినవారి పేరు లేదు, ఒక్క ముక్క రాసి కూడా లేదు. లోపల ఒక ఫోటో ఉంది. రెండు నల్ల తెరల ముందు నల్ల చొక్కాతో నిలబడిన శిష్యుణ్ణి మాస్టారు తీసిన బొమ్మ అది.

అరెస్టుకి ముందే శిష్యుడు దాన్ని ప్రింటు చేసి పెట్టుకున్నాడనీ, మాస్టారు బతికే ఉన్నట్టు భ్రమ పుట్టించడానికి స్నేహితుడెవడి చేతో ఇప్పుడు పోస్టు చేయించాడనీ ఇన్‌స్పెక్టర్ వాదన. మాస్టారి కూతురు ఆ వాదన నమ్మలేదు. ఆమె పళ్ళ డాక్టరు. నిదానంగారి దగ్గరికి వచ్చి కేసు అప్పగించింది ఆమే. కన్నతండ్రి హత్య కేసులో ముద్దాయిని విడిపించమని హతుడి కూతురే అడగడం ఆయనకు వింతగా తోచింది. ఎందుకమ్మా అని అడిగితే, అతను తన తమ్ముడిలాంటివాడని మాత్రం చెప్పి తల దించుకుంది.

గదిలో మొత్తం ఐదుగురున్నారు. ఐదో మనిషి గ్యాలరీ యజమాని. మాస్టారి ఫోటోలు అమ్మిపెట్టేది ఏళ్ళ తరబడి ఆయనే. ఆ కవరులోని ఫోటో గురించి చెప్పగలిగిన నిపుణుడని ఇన్‌స్పెక్టరే వెంటబెట్టుకొచ్చాడు. గ్యాలరీ ఆయన కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

నిదానంగారు ముందు శిష్యుణ్ణి కూర్చోబెట్టి గొడవ దేనికొచ్చిందని అడిగాడు. శిష్యుడు బేడీల వైపు చూసుకుంటూ చెప్పాడు. ప్రింటర్ని సరిచేసే పద్ధతి గురించే గొడవ. నలుపు తెలుపు ఫోటోకి ప్రింటర్ని ఊరికే నమ్మితే చీకటి భాగాలన్నీ కలిసిపోతాయట. తెలుపు నుంచి నలుపు దాకా వరసగా ముదురుతూ పోయే గళ్ళు ప్రింటు చేసి, ఒక్కో గడిలో ఎంత నలుపు పడిందో పరికరంతో కొలిచి, ఎక్కడ సిరా ఎంత తగ్గించాలో కంప్యూటర్‌కి నేర్పాలి. అలా నేర్పినదాన్ని వీళ్ళు కర్వ్ అంటారు. పరికరం చెప్పిందే వేదమని శిష్యుడి వాదం. పరికరం అయ్యాక కంటితో కూడా చూసి దిద్దాలని మాస్టారి పట్టు.

"ఆ కోపంలో ఆయన కళ్ళకి పొరలు కమ్మాయన్నాను సార్. రాత్రంతా నిద్ర పట్టలేదు. అన్న నోటితోనే క్షమించమని అడుగుదామని గట్టు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే పడవ లేదు. వచ్చేశాను."

ఇన్‌స్పెక్టర్ చిన్నగా నవ్వి, ఈ కథ తాను ముప్పైసార్లు విన్నానన్నాడు.

నిదానంగారు గ్యాలరీ ఆయన వైపు తిరిగి, ఈ ఫోటోని అంతకుముందు ఎప్పుడైనా చూశారా అని అడిగాడు. చూశానన్నాడాయన. పోయిన ఏడు వానాకాలంలో శిష్యుడే గ్యాలరీకి తెచ్చి చూపించాడట. అలాంటిదా, ఇదేనా అని నిదానంగారు మళ్ళీ అడిగాడు. ఇదే ప్రింటు, ఈ ఎడమ మూల నొక్కు కూడా గుర్తుందన్నాడు. శిష్యుడు తెల్లబోయాడు. ఈ బొమ్మ తీసిన మాట నిజమే గానీ, నలుపు మీద నలుపు విడదీయడం వచ్చిన రోజున నువ్వే దీన్ని ప్రింటు చేసుకో అని గురువుగారు తన మొహాన కొట్టారనీ, ఇంతవరకూ దాన్ని ఎవరూ కాగితం మీద చూడలేదనీ అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో వేరే చెప్పాలా అన్నట్టు ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకున్నాడు.

నిదానంగారు ఫోటోని బల్ల మీద దీపం కిందికి జరిపి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత గోడకి వేలాడుతున్న మాస్టారి ఫోటోలు ఒక్కొక్కటే దించి, వాటినీ అలాగే చూశాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఓపిక నశించేవేళకి భూతద్దం అతని చేతికిచ్చాడు.

"బొమ్మలో తెర మీద చూడండి. సమానమైన ఎడంతో వెంట్రుకంత సన్నని గీతలున్నాయి. నలుపు పడకుండా వదిలేసినట్టు."

ఉన్నాయని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. గోడ మీది ఫోటోల్లో మాత్రం ఒక్కదానిలోనూ అలాంటి గీత లేదు. నిదానంగారు మాస్టారి కూతుర్ని పిలిచి, ప్రింటర్ మీద ఒక కాగితం నిండా ఉత్త నలుపు వేయించాడు. భూతద్దం కింద ఆ కాగితం మీదా అవే గీతలు కనిపించాయి. ఎడం కూడా అంతే.

శిష్యుడు మెడ సాచి చూసి, ఇది పాత హెడ్ కాదన్నాడు. హెడ్ అంటే సిరా చిమ్మే భాగం. దానికి కంటికి ఆనని రంధ్రాలు వందలుంటాయి. ఒక్కటి పూడుకున్నా ఇలా గీత వదిలేస్తుంది. మాస్టారి హెడ్‌కి ఆ లోపం లేదు. దాన్నెప్పుడు మార్చారని అతను కూతుర్ని అడిగాడు.

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పక తప్పలేదు. శిష్యుణ్ణి లాకప్‌లో వేసిన మూడో రోజున ఈ ఇంటిని సోదా చేశారు. ప్రింటర్ లోపల ఏదో దాచారని అనుమానం వచ్చిన కానిస్టేబుల్ ఒకడు ప్లగ్గు పీకి, హెడ్‌ని అటూ ఇటూ బలంగా తోశాడు. అది అంతటితో పనికిరాకుండా పోయింది. పై అధికారికి ఆమె ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్టరే మెకానిక్‌ని పిలిపించి, దగ్గరుండి కొత్తది పెట్టించాడు.

"అయితే ఈ ఫోటో పుట్టినప్పుడు ముద్దాయి మీ లాకప్‌లో ఉన్నాడు. దానికి మీకన్నా మంచి సాక్షి నాకు దొరకడు" అన్నాడు నిదానంగారు.

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది గానీ వెనక్కి తగ్గలేదు. ముద్దాయి కాకపోతే అతని స్నేహితుడు ప్రింటు చేసి ఉంటాడు, బొమ్మ కంప్యూటర్లోనే ఉందిగా, మీట నొక్కడానికి ఎవరైతేనేం అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందని నిదానంగారికి కూడా అనిపించింది. అందుకే ముద్దాయిని ఇక్కడికి తెమ్మన్నానని చెప్పి, బేడీలు విప్పించమన్నాడు. కానిస్టేబుల్‌ని గుమ్మం అవతల నిలబెట్టి, ఇన్‌స్పెక్టర్ విసుగ్గా తాళం తీశాడు.

శిష్యుడు మణికట్లు రుద్దుకుంటూ ప్రింటర్ ముందు కూర్చున్నాడు. అదే బొమ్మని ముందు పాత కర్వ్‌తో ప్రింటు చేశాడు. కాగితం బయటికొచ్చింది. మొహం, చేతులు బాగానే ఉన్నాయి. మిగతాదంతా తారులో ముంచి తీసినట్టుంది. చొక్కా ఎక్కడ ఆగిందో, తెర ఎక్కడ మొదలైందో, జుట్టు ఏదో తెలియడం లేదు. పాత హెడ్‌కి నేర్పిన పాఠం కొత్త హెడ్‌కి పనికిరాదనీ, ఇది సిరా ఎక్కువగా కక్కుతోందనీ అతను చెప్పాడు. స్టేషన్‌కి వచ్చిన ఫోటోలో చొక్కా కుట్లు కూడా కనిపిస్తున్నాయి. కాబట్టి దాన్ని చేసినవాళ్ళు ఉత్తినే మీట నొక్కలేదు. ఇక్కడ కూర్చుని, ప్రింటర్‌కి మొదటినుంచీ మళ్ళీ నేర్పారు.

నువ్వూ నేర్పి చూపించు అన్నాడు నిదానంగారు.

ఆ తర్వాత గదిలో జరిగిన దాన్ని గురించి ఇన్‌స్పెక్టర్ తర్వాత రోజుల్లో ఎవరడిగినా సరిగ్గా చెప్పలేకపోయేవాడు. శిష్యుడు ముందు నలుపు హద్దు వెతికాడు. కాగితం తాగగలిగినంత సిరానే పోయాలి. అంతకు మించితే నలుపు పెరగదు సరికదా, పైన తేలి మెరుస్తుందట. ఆ హద్దు దొరికాక గళ్ళ కాగితం వేశాడు. తెల్లకాగితం నుంచి అమావాస్య దాకా మెట్లు మెట్లుగా దిగిపోయే బూడిద రంగులు. హెయిర్ డ్రయర్‌తో మెల్లగా ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదని పక్కన పెట్టేశాడు. తడి ఉన్నప్పుడు నలుపు ఒకలా ఉంటుంది, ఆరాక ఇంకోలా తేలుతుంది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. గ్యాలరీ ఆయన కాఫీ కావాలన్నాడు. కూతురు తెచ్చిచ్చింది. ఆమె కప్పు అక్కడ పెట్టి వెంటనే ప్రింటర్ పక్కకే వచ్చి నిలబడడం నిదానంగారు గమనించాడు.

మధ్యాహ్నం దాటాక శిష్యుడు సబ్బుబిళ్ళంత పరికరాన్ని ఒక్కో గడి మీద ఆనించి కొలవడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ తెర మీద అంకె పడుతోంది, గ్రాఫు గీతలో ఇంకో చుక్క చేరుతోంది. మొదట్లో గీత బాగానే దిగి, చివరికొచ్చేసరికి కూలబడిపోయింది. ఆఖరి గళ్ళన్నీ ఒకే నలుపు. అతను గీతని సరిచేసి, గళ్ళు మళ్ళీ వేసి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ కొలిచాడు. ఈసారి గీత పైనుంచి కింది దాకా దారం లాగినట్టు తిన్నగా దిగింది. నిదానంగారు వంగి గళ్ళ కాగితాన్ని చూశాడు. ఇందాక ఒక్క ముద్దగా ఉన్న చోట ఇప్పుడు పది నలుపులున్నాయి. దేనికది వేరు. తన జీవితంలో ఇన్నాళ్ళూ చీకటి అని ఒకే మాటతో సరిపెట్టుకున్నదానిలో ఇన్ని మెట్లున్నాయా అని ఆయనకు ఒళ్ళు జలదరించింది.

శిష్యుడు బొమ్మని మళ్ళీ ప్రింటు చేశాడు. కాగితం అంగుళం అంగుళం బయటికి వస్తోంది. ముందు జుట్టు వచ్చింది, పాయలు పాయలుగా. దాని వెనక తెర మడతలు. తర్వాత చొక్కా కాలరు, దాని నీడ, నీడలో బొత్తాం. వెలుతురు ఎక్కడా పెరగలేదు. ఉన్న చీకటే తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టుంది. ఇన్‌స్పెక్టర్ తనకు తెలియకుండానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇదంతా ఆ నలుపులో మొదటినుంచీ ఉందా అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఉందనీ, మనం చెప్పేదాకా ప్రింటర్‌కి తెలియదనీ శిష్యుడు అన్నాడు.

నిదానంగారు స్టేషన్‌కి వచ్చిన ఫోటోని దాని పక్కనే పెట్టాడు. శిష్యుడు రెంటినీ చూశాడు. చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచాడు. పరికరం తీసి, ముందు తన ప్రింటు మీద కొలిచాడు. తెరలోనూ, జుట్టులోనూ, చొక్కా చంకలోనూ, రెండు తెరల మధ్య సందులోనూ నిండు నలుపే చూపించింది. తర్వాత కవరులో వచ్చిన దాని మీద కొలిచాడు. బొమ్మలోని తెర మీద అంకె నిండు నలుపుకి రవ్వంత తక్కువ. జుట్టు మీదా తక్కువే. చొక్కా మీదా అంతే. రెండు తెరల మధ్య సందులో ఒక్కచోటే అంకె నిండు నలుపు దాకా వెళ్ళింది.

శిష్యుడు ఆ అంకె కేసి చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"పరికరం ఈ పని చెయ్యదు సార్. నాకూ రాదు. బొమ్మ మొత్తంలో నిండు నలుపు ఒక్కచోటే ఉండాలి, మిగతా నలుపులన్నీ దానికి తలొంచాలి అనేవారు. అది కంటితోనే దిద్దాలి. పొరలు కమ్మిన కళ్ళన్నాను నేను. ఇది గురువుగారు చేసింది. గురువుగారు బతికే ఉన్నారు."

గోడకి ఆనుకుని నిలబడ్డ కూతురు అలాగే జారి నేలమీద కూలబడి ఏడవసాగింది. అందరూ ఆమె చుట్టూ చేరారు.

"ఉన్నారు. ఫ్రేములు కట్టే తాతగారి ఇంట్లో, పైగదిలో ఉన్నారు. నా చేత ఒట్టేయించుకున్నారు బాబాయిగారూ, అందుకే మీక్కూడా చెప్పలేదు" అంది ఆమె నిదానంగారి వైపు చూసి.

ఇక ఆమె ఆగలేదు. మంచులో ఎవరో వెనక నుంచి వేరే పడవలో వచ్చి తెడ్డుతో కొట్టారు. మాస్టారు నీళ్ళలో పడ్డాడు గానీ ఈత మరిచిపోలేదు. అవతలి గట్టుకి చేరి, చిన్ననాటి స్నేహితుడు, గ్యాలరీకి ఫ్రేములు కట్టే తాత ఇంటికి నడిచి వెళ్ళాడు. కొట్టినవాడి మొహం చూడలేదు. ఆ ఉదయం తాను అక్కడ ఉంటానని తెలిసినవాళ్ళంతా తనవాళ్ళే. అందుకే ఎవడో తేలేదాకా చచ్చినట్టే ఉంటానన్నాడు. శిష్యుణ్ణి అరెస్టు చేశారని తెలిశాక మాత్రం నిలవలేకపోయాడు. వాడు కాదు, వాడి కోపం నాకు తెలుసు, అది నా ఎదురుగా వచ్చే కోపం అన్నాడట. కూతురు ఆయన్ని తన కారులో పట్టపగలే రెండుసార్లు ఇంటికి తీసుకొచ్చింది. ఆయన ఇదే కుర్చీలో కూర్చుని కొత్త హెడ్‌కి నేర్పి, ఆ ఫోటో చేశాడు. దాన్ని చదవగలిగినవాళ్ళు ఎవరో ఒకరు చదువుతారని కవరులో పెట్టించాడు.

శిష్యుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకుని, ఆయన నన్నేమైనా అన్నారా అక్కా అని అడిగాడు. ఆ కళ్ళతోనే దిద్దాను చూసుకోమని చెప్పమన్నారు అంది ఆమె, ఏడుస్తూనే నవ్వి. ఇన్‌స్పెక్టర్ తల తిప్పుకున్నాడు. నేలమీద పడున్న బేడీల్ని కాలితో బల్ల కిందికి తోశాడు.

నిదానంగారు మాత్రం ఇంకా ఆ రెండు ఫోటోల దగ్గరే ఉన్నాడు. ఒక మనిషి చూపు ఇలా కాగితం మీద గుర్తు వదలగలదన్న సంగతి ఆయనకి మింగుడుపడడం లేదు. ఎంతసేపు అలా నిలబడ్డాడో ఆయనకే తెలియదు. చూపు ఫోటో ఎడమ మూల నొక్కు మీద పడ్డప్పుడు ఉలిక్కిపడ్డాడు.

ఈ నొక్కు తనకు పోయిన ఏటినుంచీ గుర్తుందని ఒకాయన చెప్పాడు. ఈ కాగితం పుట్టి పట్టుమని నెల కూడా కాలేదు. నిర్దోషిని లోపలే ఉంచడానికి అబద్ధమాడవలసిన అవసరం ఎవరికుంటుంది? పోయిన మనిషి ఫోటోలకి బతికున్న మనిషి ఫోటోలకన్నా గిరాకీ ఎక్కువని ఎవరికి బాగా తెలుసు?

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. కాఫీ కప్పు నిండుగానే ఉండి, పైన మీగడ కట్టింది. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్‌ని అడిగితే, గ్యాలరీ సార్ చాలాసేపటి కిందటే ఫోన్ మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళారన్నాడు.

"ఫ్రేముల తాతకి ఫోన్ చెయ్యమ్మా. ఇప్పుడే" అన్నాడు నిదానంగారు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతులో తొందర వినిపించింది.

కూతురు రెండుసార్లు చేసినా కలవలేదు. మూడోసారి కలిసింది. అందరికీ వినపడేలా పెట్టమని ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. అవతల ముసలాయన గొంతు సంబరంగా ఉంది.

"మీ నాన్నని ఇప్పుడే కారెక్కించానమ్మా. నువ్వే పంపావటగా. కుర్రాణ్ణి వదిలేశారా అని వాడు ఒకటికి రెండుసార్లు అడిగాడు. వదిలేశారు, ఇంట్లో మీకోసం ఎదురుచూస్తున్నాడని గ్యాలరీ ఆయన చెప్పాడు. ఆ మాటకి మీ నాన్న చెప్పులు కూడా వేసుకోలేదు, అలాగే వెళ్ళిపోయాడు."

కారు ఎటు వెళ్ళిందో చూశారా అని నిదానంగారు ఫోన్‌లోకి వంగి అడిగాడు.

ఆ ప్రశ్న విన్నాకే ముసలాయనకీ ఏదో తట్టినట్టు, మాట నెమ్మదించింది.

"అదే నాకూ అర్థం కాలేదు బాబూ. మీవైపు రావాలంటే సందు చివర కుడికి తిరగాలి కదా. ఎడమకి తిరిగింది, రిజర్వాయర్ దారిన."